"నాన్న చాలా సరదా మనిషి" అని రాయగానే కలం ఆగిపోతోంది

ప్రశ్న: మా నాన్నగారు పోయి మూడు నెలలు కావస్తోంది. వయసు 71. ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరో ఒకరిని నవ్విస్తూనే ఉండేవారు. జేబులో తాళంచెవి ఉన్నా బెల్లు కొట్టి, గొంతు మార్చి "రిజిస్టర్డ్ పోస్ట్!" అని కేకేసేవారు. పిల్లలతో వైకుంఠపాళి ఆడితే అందరూ చూస్తుండగానే దొంగాట ఆడేవారు. ఏడాది తిరిగేనాటికి చిన్న సంస్మరణ సభ పెట్టి, ఆయన జీవితం మీద ఒక పుస్తకం వేసి అందరికీ ఇవ్వాలని అనుకున్నాం. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దాటడం లేదు. సభలో జోకులేమిటి, జనం ఏమనుకుంటారు అంటాడు అన్నయ్య. నవ్వించిన మనిషిని ఏడుస్తూ తలుచుకుంటామా అంటుంది చెల్లెలు. అమ్మనడిగితే "నాకేం గుర్తులేదు" అంటోంది. నాన్న ఫోను, ఐదారు పాత క్యాసెట్లు, నాలుగు ఆల్బమ్‌లు బీరువాలో ఉన్నాయి. మా బాబుకి నాలుగేళ్ళు, తాతయ్యని మర్చిపోతాడేమోనని బెంగ. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక కూతురు

సమాధానం:

పుస్తకం సంగతి తర్వాత చూద్దాం, ముందు బీరువాలోంచి ఫోన్ తీయండి. మీరు చెప్పినవాటన్నిటిలో గడువు ముంచుకొస్తున్నది దానికే.

వాట్సాప్ ఖాతాను 120 రోజులు ఎవరూ వాడకపోతే సాధారణంగా అది రద్దవుతుంది. అంటే మీకు ఓ నెల మిగిలింది. రద్దయినంత మాత్రాన ఫోన్లో ఉన్న ఫైళ్ళు ఆ క్షణమే మాయం కావు. కానీ గ్రూపుల్లోంచి ఆయన పేరు పోతుంది, ఆ తర్వాత ఎవరైనా తెలియక యాప్ తీసేస్తే అన్నీ పోతాయి. రీచార్జ్ లేని నంబరును కంపెనీ కొంతకాలానికి మరొకరికి ఇచ్చేస్తుంది. అందుకని కనీసం ఏడాదిపాటు ఆ సిమ్‌ని బతికించి ఉంచండి. ఎన్నో ఖాతాల ఓటీపీలు దానికే వస్తాయి కూడా. గూగుల్ ఖాతాకు కాస్త వ్యవధి ఉంది: రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే ఫోటోలు, మెయిళ్ళతో సహా తొలగించవచ్చని వాళ్ళ నిబంధన.

పిన్ తెలియకపోతే తలా ఒక నంబరు కొట్టి చూడకండి. పదిసార్లు తప్పు కొడితే అంతా చెరిపేసే సెట్టింగు కొన్ని ఫోన్లలో ఉంటుంది. ఆయన పాత డైరీ, పర్సు, బ్యాంకు కాగితాల వెనక వైపు వెతకండి. ఆ తరం వాళ్ళు నంబర్లు ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకునే ఉంటారు. ఫోన్ తెరుచుకున్నాక చేయకూడనివి మూడు: రీసెట్ చేయడం, "స్టోరేజ్ నిండింది" అని హెచ్చరిక వస్తే క్లీనప్ నొక్కడం, పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వడం.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, వాట్సాప్ మీడియా ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఏరుకుంటూ కూర్చోకండి, ఏరడం తర్వాతి పని. అందులో "వాయిస్ నోట్స్" అనే ఫోల్డర్ ఉంటుంది. ఫైలు పేరు పీటీటీ అనే మూడు అక్షరాలతో మొదలై పక్కనే తేదీ ఉంటుంది: 20230514 అంటే 2023 మే 14. ఏ రోజు మాట్లాడారో మీరు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, ఫైలే చెబుతుంది. అవి ఓపస్ ఫార్మాట్‌లో ఉంటాయి కాబట్టి కొన్ని ప్లేయర్లలో తెరుచుకోవు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో తెరుచుకుంటాయి. ఎంపీ3గా మార్చుకున్నా అసలు ఫైళ్ళు అలాగే ఉంచండి. చాట్‌ని "ఎక్స్‌పోర్ట్" చేసి అదే సరిపోతుందనుకోవద్దు. ఎన్ని సందేశాలు బయటకు వస్తాయన్నదానికి పరిమితి ఉంది, పాతవి జారిపోతాయి.

ఆయన ఫోన్లో లేని గొంతు ఇంకొకటి ఉంది, అది ఇతరుల ఫోన్లలో ఉంది. ఈ వారమే బంధువులకీ స్నేహితులకీ ఒక సందేశం పెట్టండి: "నాన్న మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు దయచేసి డిలీట్ చేయకండి, మాకు పంపండి. ఫోటోలైతే డాక్యుమెంట్‌గా పంపండి." మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ కూడా పోతుంది. పాత వీడియోలు చూసేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఇంట్లో సందడి చేసే మనిషి చేతిలోనే కెమెరా కూడా ఉంటుంది. అలాంటి వీడియోల్లో ఆయన ముఖం కనిపించదు, వెనక నుంచి వ్యాఖ్యానం మాత్రం వినిపిస్తుంది. "ఇందులో నాన్న లేరు" అని పక్కన పెట్టేసినవాటిని మళ్ళీ వినండి.

ఇక క్యాసెట్లు. టేప్‌రికార్డర్ దొరకగానే వేసి వినాలనిపిస్తుంది, కాస్త ఆగండి. ముందుగా ప్రతి క్యాసెట్‌కీ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరగ్గొట్టండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కితే ఆయన గొంతు మీద మీ గొంతు పడుతుంది. టేపు మీద తెల్లటి బూజు కనిపించినా, కింద మధ్యలో ఉండే చిన్న మెత్త ఊడిపోయినా ఆడించకండి. బూజు పట్టిన క్యాసెట్ వేస్తే టేప్‌రికార్డర్ హెడ్ (టేపును చదివే భాగం) పాడై, తర్వాత వేసిన వాటికీ అంటుకుంటుంది. అలాంటివి ఆడియో మార్చిపెట్టే వాళ్ళకే ఇవ్వండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి, అప్పుడు రికార్డు చేయండి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న టేపు పొరలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. 90 నిమిషాల క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే 90 నిమిషాలే పడుతుంది, దగ్గరదారి లేదు. వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో దాస్తే స్టీరియోలో గంటకు సుమారు 1 గిగాబైట్ అవుతుంది. గరగర శబ్దం తీసేసే సాఫ్ట్‌వేర్ వాడాలనుకుంటే ఇంకో కాపీ మీద వాడండి. గరగరతోపాటు వెనక ఎవరో నవ్వడం, తలుపు చప్పుడు, మీ చిన్నప్పటి గొంతు కూడా అది తుడిచేయొచ్చు.

ఆల్బమ్‌లకు అంత తొందర లేదు, రెండు జాగ్రత్తలు చాలు. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫోటో అతుక్కుపోయి ఉంటే గోటితో లాగకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయిన ఫోటో అయితే అద్దం మీదుగానే స్కాన్ చేయండి, ఊడదీస్తే బొమ్మ పై పొర అద్దంతో వచ్చేస్తుంది. మామూలు ఫోటోలకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) సరిపోతుంది. 4×6 అంగుళాల ఫోటో 2400×3600 పిక్సెళ్ళు వస్తుంది, అంటే పుస్తకంలో రెట్టింపు సైజులో వేసినా మసకబారదు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలకు 1200 పెట్టండి. ప్రతి ఫోటో వెనక వైపు కూడా చూడండి, స్టూడియో ముద్రలో సంవత్సరం ఉండొచ్చు. అన్నీ మూడు కాపీలు చేసి, ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువు ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉంచండి. పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు.

ఇక మనుషుల దగ్గరకు వద్దాం. అసలు పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి "నాన్న గురించి చెప్పుకుందాం" అంటే సరదాగా ఉంటుంది, కానీ సరుకు తక్కువ వస్తుంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవాళ్ళు పదేపదే గమనించిన విషయం ఇది: నలుగురు కలిసి గుర్తు చేసుకున్నదానికంటే ఆ నలుగురినీ విడివిడిగా అడిగి కలిపి చూస్తే ఎక్కువ వస్తుంది. ఒకరు గట్టిగా చెప్పిన కథ మిగతావాళ్ళ తలలో రాబోతున్నదాన్ని అడ్డుకుంటుంది. ఒక్కసారి కలిసి చెప్పుకున్నాక అందరికీ అదే కథ అదే మాటల్లో స్థిరపడిపోతుంది. కాబట్టి ముందు ఒక్కొక్కరిని అడగండి, తర్వాతే కలవండి. వరసలో పెద్దవయసు వాళ్ళు ముందు. ఇంట్లోవాళ్ళు, ఆయన అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు, బడి స్నేహితుడు, ఉద్యోగంలో కింద పనిచేసినవాళ్ళు, పక్కింటివాళ్ళు, అల్లుడు లేదా కోడలు, ఇలా వేర్వేరు గుంపుల్లోంచి తొమ్మిది పది మంది చాలు. ఒకే గుంపులోంచి ఇరవై మందిని అడిగితే ఒకే నాన్న ఇరవైసార్లు వస్తారు. కింద పనిచేసినవాళ్ళని మాత్రం తప్పకుండా అడగండి. పై అధికారికి తెలియని సరదా వాళ్ళకు తెలుసు.

"ఆయన గురించి నాలుగు మాటలు చెప్పండి" అనే ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: చాలా మంచి మనిషి, చాలా సరదా మనిషి. మీ కలం ఆగిన చోటే వాళ్ళ నోరూ ఆగుతుంది. ప్రశ్న చిన్నదైతే జవాబు పెద్దదవుతుంది. ఆయన గదిలోకి వస్తే మొదట ఎవరితో మాట్లాడేవారు? ఎవరిని ఎక్కువ ఆటపట్టించేవారు, ఎవరి జోలికి వెళ్ళేవారు కాదు? మీకు ఏం పేరు పెట్టారు? పదిసార్లు చెప్పినా ఎవరూ నవ్వని జోకు ఏది? ఆయన మీద ఎవరైనా జోకు వేస్తే ఎలా తీసుకునేవారు? ఆయన బొత్తిగా మాట్లాడకుండా ఉండిపోయిన రోజు ఏదైనా గుర్తుందా? ఆఖరి రెండింటినీ వదలకండి. వాటితో మనిషి నిండుగా కనిపిస్తాడు.

ఫోన్లోనే రికార్డు చేసుకోవచ్చు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన గుడ్డ మీద ఉంచి, మాట్లాడేవాళ్ళకు మూరెడు దూరంలో పెట్టండి. నేరుగా బల్ల మీద పెడితే కప్పు పెట్టిన చప్పుడు కూడా పిడుగులా పడుతుంది. ఫ్యాన్ ఆపండి, ఓ అర నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. వాళ్ళ అనుమతి అడిగి, పేరూ తేదీ మొదట్లోనే చెప్పించండి. ముప్పావుగంట దాటనివ్వద్దు. వాళ్ళు మాట్లాడడం ఆపగానే మీరు అందుకోకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ ఖాళీలోనే వస్తుంది. గంట రికార్డింగ్ కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంతా రాయక్కర్లేదు, ఏ నిమిషంలో ఏముందో ఒక పట్టిక రాసుకుని, కావలసిన ముక్కలే పూర్తిగా రాసుకోండి.

అమ్మగారు "నాకేం గుర్తులేదు" అన్నదాన్ని అక్షరాలా తీసుకోవద్దు. ప్రశ్న మోయలేనంత పెద్దదని అర్థం. లేదా ఇంకా సమయం కాలేదని అర్థం. ఆవిణ్ణి ఇంటర్వ్యూ చేయకండి. ఆల్బమ్ ముందు పెట్టి "ఈ చొక్కా ఎవరు కొన్నారు?", "ఈ ఫోటోలో మనం ఏ ఇంట్లో ఉన్నాం?" లాంటివి అడగండి. చేతిలో ఏదో పని ఉంటే మాట ఇంకా సులువుగా వస్తుంది. ఇరవై నిమిషాలు చాలు, ఆవిడ ఆపితే మీరూ ఆపండి. ఇంకో సంగతి. సరదాగా ఉండే భర్తల ఇళ్ళలో ఆ సరదాకి కావలసిన ఏర్పాట్లన్నీ తరచుగా భార్య చేస్తుంది. ఆయన చెప్పాపెట్టకుండా పదిమందిని ఇంటికి తీసుకొస్తే పిల్లలకు అది పండగ, ఆవిడకు పని. "అప్పుడు నీకేం పని పడేదమ్మా?" అని అడిగి చూడండి. ఇంతవరకూ మీ ముగ్గురికీ తెలియని నాన్న బయటికొస్తారు, అమ్మ కూడా.

రాయడం విషయానికి వస్తే, "సరదా మనిషి" అన్నది మీ తీర్పు. చదివేవాళ్ళకు కావలసింది సాక్ష్యం. మీ ఉత్తరంలోనే అది ఉంది, మీరు గమనించలేదు: జేబులో తాళంచెవి ఉంచుకుని బెల్లు కొట్టడం. పుస్తకం అక్కడే మొదలుపెట్టొచ్చు. దాన్ని మరీ దగ్గరగా వెళ్ళి చూడండి. ఏ గొంతు, ముక్కుతోనా, బొంగురుగానా? బెల్లు ఒకసారా, మూడుసార్లా? తలుపు ఎవరు తీసేవారు? తీసినవాళ్ళు ఏమనాలి? "ఈ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరు" అని తలుపు వేసేస్తే ఏం చేసేవారు? ఆ ఆట ఎప్పుడు ఆగిపోయింది? వివరాలు మీవి పెట్టుకుంటే పేరా ఇలా తయారవుతుంది:

"సాయంత్రం ఆరున్నరకి బెల్లు మూడుసార్లు మోగేది. 'రిజిస్టర్డ్ పోస్ట్! సంతకం పెట్టాలి!' అని ముక్కుతో ఓ గొంతు. మేం పెన్ను పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. నాన్న అరచెయ్యి చాపేవారు, దాని మీద సంతకం పెట్టాలి. అక్షరాలు వంకరగా ఉంటే 'ఈ సంతకం చెల్లదు, రేపు రండి' అని వెనక్కి తిరిగేవారు. మర్నాడు ఆఫీసులో ఆ చేతి మీద సిరా చూసి ఎవరైనా అడిగితే ఏం చెప్పేవారో మాకు తెలియదు."

ఇందులో సరదా అన్న మాట లేదు, ప్రేమ అన్న మాట లేదు. చివర్లో "మా నవ్వులతో ఇల్లు దద్దరిల్లేది" అని ఒక్క వాక్యం కలిపితే పేరా పాడవుతుంది. ఎవరు నవ్వారో రచయిత చెప్పేస్తే చదివేవాళ్ళకు నవ్వే పని మిగలదు. నోటితో చెప్పిన హాస్యం కాగితం మీద చల్లారిపోవడానికి కారణాలు రెండు. ఆయన అన్న మాటను మీ మాటల్లోకి మార్చేయడం ఒకటి. అది ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చెప్పకపోవడం రెండోది. ఆయన మాట ఆయన యాసలో, వ్యాకరణం దిద్దకుండా, కొటేషన్లో ఉంచండి. ఎంత బాగా రాసినా పేలని జోకులుంటాయి, అవి ఆయన ముఖకవళికల మీద నడిచినవి. వాటిని వదిలేయడమే మేలు. పుస్తకంలో వాటికి బదులు ఆ రోజు తీసిన ఫోటో పనికొస్తుంది.

ఒక పేజీ మాత్రం తప్పకుండా పెట్టండి: నాన్న మాటల పట్టిక. ఆయన ఒక్కొక్కరికి పెట్టిన ముద్దుపేర్లు, తప్పుగా పలికి అలాగే స్థిరపరిచిన మాటలు, ఊతపదాలు, కోపం వస్తే వాడే తిట్టు, ఫోన్ ఎత్తగానే అనే మొదటి మాట, పెట్టేసేముందు అనే చివరి మాట. పక్కనే ఒక్క వరుసలో అర్థం, ఎవరి గురించి పుట్టిందో. ముప్పై నలభై మాటలు పోగవుతాయి. దీన్ని మీ ముగ్గురూ ఫోన్లో ఒకే నోట్‌ని పంచుకుని, గుర్తొచ్చినప్పుడల్లా ఒక మాట చేర్చుకుంటూ పోతే ఏ శ్రమా లేకుండా నెలలో తయారవుతుంది. రాయడం రానివాళ్ళు కూడా ఇందులో పాలుపంచుకోగలరు. పుస్తకం చేతికొచ్చాక అందరూ ముందు తెరిచేది కూడా ఈ పేజీయే.

పుట్టుక, చదువు, ఉద్యోగాలు, పెళ్ళి, పిల్లలు, ఉన్న ఇళ్ళు, మరణం, ఈ కాలక్రమమంతా ఒకే పేజీలో పొడిగా పెట్టేయండి. తేదీలను సర్టిఫికెట్లతో సరిచూడండి. రికార్డులో ఉన్న పుట్టినతేదీ, ఇంట్లో చెప్పుకునేది వేరైతే రెండూ రాయండి. మిగతా పుస్తకం వరసక్రమంలో సాగాల్సిన అవసరం లేదు. 40 పేజీల పుస్తకమైతే చివరి జబ్బుకి ఒక్క పేజీ మించకూడదు. ఇది చాలామంది తప్పే చోటు. దగ్గరి జ్ఞాపకం బలమైనది కాబట్టి ఆసుపత్రి రోజులు సగం పుస్తకాన్ని ఆక్రమించేస్తాయి. ఆయన 71 ఏళ్ళు బతికారు.

ఆయనలో లోపాలు రాయాలా? రాయాలి, కొలతతో. ఆయన వేళాకోళం ఎవరినైనా నొప్పించి ఉండొచ్చు, డబ్బు దగ్గర చేయి జారి ఉండొచ్చు, ఇచ్చిన మాట మర్చిపోయి ఉండొచ్చు. ఏం జరిగిందో చెప్పండి, తీర్పు చెప్పకండి, సమర్థించకండి. బతికున్నవాళ్ళ పరువుకి దెబ్బ తగిలేదైతే తీసేయండి. అంతకుమించి దాచనక్కర్లేదు. ఒక్క మచ్చా లేని తండ్రిని మీ పిల్లలు నమ్మరు. ఒకే సంఘటనను మీరొకలా, అన్నయ్య ఒకలా చెబితే తేల్చుకోవడానికి కొట్టుకోకండి, రెండూ పేర్లతో సహా పక్కపక్కన వేయండి. అలాంటి పేజీలు చదవడానికి బాగుంటాయి కూడా.

ఇప్పుడు అన్నయ్య అభ్యంతరం. ఆయన భయం జోకు గురించి కాదు, "వీళ్ళకి బాధ లేదు" అని ఎవరైనా అంటారేమోనని. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవిత భాగస్వామి పోయి ఆరు నెలలైన వాళ్ళను ఆ మనిషి గురించి మాట్లాడమని అడిగి, ముఖాలను గమనించారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళతో సహా నిజంగా నవ్వినవాళ్ళలో కోపం, బాధ తక్కువగా ఉన్నాయని, చుట్టూ ఉన్నవాళ్ళతో సంబంధాలు మెరుగ్గా ఉన్నాయని తేలింది. నవ్వడం వల్లే తేరుకున్నారని దీన్నిబట్టి చెప్పలేం, తేరుకుంటున్నవాళ్ళే నవ్వగలిగి ఉండొచ్చు. కానీ నవ్వితే దుఃఖం లేనట్టు కాదు అన్నంతవరకు అన్నయ్యకి చూపించొచ్చు. ఆయనకు ఒక బాధ్యత కూడా ఇవ్వండి: జీవిత వివరాలు గంభీరంగా చెప్పే భాగం ఆయనది. జోకు ఆయన నోట పెట్టకండి.

సభలో జనం ముందు కుటుంబం ముఖం చూస్తారు, నవ్వొచ్చా కూడదా అని. అందుకని మొదటి నిమిషంలోనే ఒక చిన్న, సౌమ్యమైన సరదా సంగతి రావాలి, మీరు చిరునవ్వుతో చెప్పాలి. అది వినగానే గది తేలికపడుతుంది. పది నిమిషాలు కన్నీళ్ళతో మాట్లాడి ఆ తర్వాత జోకు చెబితే ఎవరూ నవ్వరు, చెప్పినవాళ్ళు ఇబ్బందిపడతారు. అక్కడ కూర్చున్న ఎవరి మీదైనా నాన్న వేసిన జోకు చెప్పాలనుకుంటే ముందు రోజే వాళ్ళ అనుమతి తీసుకోండి. మాట్లాడేవాళ్ళు నలుగురైదుగురికి మించకుండా, ఎవరు ఏ కథ చెబుతారో ముందే పంచుకోండి. లేకపోతే బెల్లు కథ ఐదుసార్లు వస్తుంది.

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. సభలో తాపీగా చదివితే నిమిషానికి వంద మాటల లోపే నడుస్తాయి కాబట్టి 450 మాటలు దాటకుండా రాసుకోండి. అక్షరాలు 16 పాయింట్లలో, కాగితానికి ఒక వైపే, పేజీ సంఖ్యలు వేసి, పిన్ను కొట్టకుండా ఉంచండి. ఇంట్లో బిగ్గరగా ఐదారుసార్లు చదవండి. ఎక్కడ గొంతు పూడుకుపోతుందో అప్పుడు తెలుస్తుంది. అది విషాదమైన చోట కాదు, తరచుగా ఆయన మాటను ఆయన మాటగా చెప్పే చోట. ఆ వాక్యానికి ముందు కాగితం మీద ఒక గీత గీసుకోండి, అక్కడ ఆగి నీళ్ళు తాగండి. ఆగిపోతే అందుకోవడానికి రెండో కాపీ చెల్లెలి చేతిలో ఉంచండి. ఆయన గొంతు వినిపించాలనుకుంటే 20, 30 సెకన్ల ముక్క ఒక్కటి చాలు, ముందు చెప్పి వినిపించండి. చెప్పకుండా హఠాత్తుగా స్పీకర్లో వినిపిస్తే అమ్మగారు తట్టుకోలేకపోవచ్చు. ఏఐతో ఆయన గొంతు తయారుచేసి కొత్త మాటలు పలికిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మా మాట వద్దనే. ఎవరైనా చేసినా ఆ ఫైలుకి పేరులోనే "కృత్రిమం" అని పెట్టి, అసలు రికార్డింగులతో కలవకుండా వేరే ఫోల్డర్లో ఉంచండి. పదేళ్ళ తర్వాత ఏది ఆయన అన్నది, ఏది కాదు అన్న అనుమానం రాకూడదు.

మీ బాబు విషయం. నాలుగేళ్ళ పిల్లలు ఈ వయసు సంగతులు చాలావరకు మర్చిపోతారు, అది అతని తప్పు కాదు, మీదీ కాదు. నిలిచేది పదేపదే చేసేది. నాన్న దొంగాట నియమాలు మీకు తెలుసు కదా, అదే ఆట అలాగే ఆడండి, "ఇది తాతయ్య పద్ధతి" అని చెబుతూ. వారానికోసారి ఆడినా చాలు. ఐదారు ఫోటోలతో, ఒక్కోదానికి ఒక్క వాక్యంతో అతనికి విడిగా చిన్న ఆల్బమ్ చేయండి, అతని చేతికే ఇవ్వండి, నలిగితే మళ్ళీ ప్రింటు తీయొచ్చు. "నిద్రపోయారు", "ఊరెళ్ళారు" అని చెప్పకండి. నిద్ర అంటే, ప్రయాణమంటే భయం పట్టుకుంటుంది, లేదా ఎప్పుడొస్తారని ఎదురుచూస్తాడు. చనిపోయారు, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రారు అని చిన్న మాటల్లో చెప్పండి. అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. అదే జవాబు మళ్ళీ చెప్పండి.

మీకు తొమ్మిది నెలలు ఉన్నాయి. ఈ నెల ఫోన్, క్యాసెట్లు. తర్వాత మూడు నెలలు మనుషులు. ఆ తర్వాత మూడు నెలలు రాయడం. సభకు రెండు నెలల ముందు రాతప్రతిని అమ్మగారికి చదివి వినిపించండి, ఆవిడ వద్దన్నది తీసేయండి, ఎందుకని అడగకండి. అచ్చుకి పెద్దవాళ్ళ కోసం 14 పాయింట్ల అక్షరాలు వాడండి, ఫోటోల కింద ఎడమ నుంచి కుడికి పేర్లు వేయండి. ఒక్కసారే రెండు వందల కాపీలు వేయించకండి. సభకు ముప్పై నలభై చాలు. వెనక నాలుగు ఖాళీ పేజీలు వదలండి. చదివినవాళ్ళు ఫోన్ చేసి "అది అలా జరగలేదు" అనీ, "ఇంకోటి మర్చిపోయావు" అనీ అంటారు. అవన్నీ రాసుకోవడానికి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకుని, రెండో ముద్రణ ఆ తర్వాత వేయించండి.